షియాన్ బల్ల మీద నలుపూ ఎరుపూ

చైనా వెళ్ళొచ్చానని తెలియగానే కాకినాడ నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు: పాములు తిన్నావా అని. తినలేదు. టేబుల్ టెన్నిస్ ఆడి, చైనావాళ్ళను చైనాలోనే ఓడించి వచ్చాను. ఈ మాట ఫోన్లో చెబితే ఎవరూ నమ్మడం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఆక్లండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో ఉంటాను. ఫార్మసిస్టుని. మంగళవారం సాయంత్రాలు మా వీధి చివరి కమ్యూనిటీ హాల్లో నాలుగు బల్లలు వేసుకుని ఆడతాం. షాహిదా అక్క నాకు జోడీ అయింది అక్కడే. ఆమెది హనుమకొండ. మా పక్క పేట శాండ్రింగ్‌హామ్‌లో మసాలా దినుసుల దుకాణం నడుపుతుంది. తలకు స్కార్ఫ్, కాళ్ళకు తెల్ల బూట్లు, యాభై దాటినా చేతిలో చేవ తగ్గలేదు. కాలేజీలో ఉండగా జిల్లా జట్టుకు ఆడిందట. పెళ్ళయ్యాక అటకెక్కిన బ్యాటు న్యూజిలాండ్ వచ్చి పిల్లలు పెద్దయ్యేదాకా కిందికి దిగలేదు.

మా క్లబ్బులో లియూ ఆంటీ అని ఒక రిటైర్డ్ నర్సు ఉంది. సొంతూరు షియాన్. వచ్చే ఏడాదే, 2008లో, బీజింగ్‌లో ఒలింపిక్స్. ఆ ఉత్సాహంలో షియాన్‌లోని ఒక పాత బట్టల మిల్లు వాళ్ళు నలభై అయిదు దాటినవాళ్ళకు పోటీలు పెడుతున్నారని, బయటిదేశం నుంచి ఒక జట్టు వస్తే సంబరపడతారని ఆమె కబురు తెచ్చింది. ఎనిమిది మందిమి బయల్దేరాం. ఆడవాళ్ళ డబుల్స్‌కు ముందు ఎంపికైంది మేం కాదు. ఎంపికైన జోడీలో ఒకామెకు మోకాలు పట్టేసింది, అందుకని మమ్మల్ని పిలిచారు. ఆ సంగతి మా జట్టు పెద్ద గ్రేమ్ మర్చిపోలేదు. మేమూ మర్చిపోలేదు.

రొట్టె తుంచడం

షియాన్‌లో మా వెంట తిరగడానికి లియూ ఆంటీ మేనకోడలు వచ్చింది. పేరు షియావ్‌యెన్. ఇరవై మూడేళ్ళ పిల్ల, మగపిల్లాడి క్రాపు, మెడలో హెడ్‌ఫోన్లు. ఇంగ్లిష్ చక్కగా మాట్లాడుతుంది. ఏం చేస్తుంటావమ్మా అని అడిగితే, "నేనూ మీలాగే ఆడతాను," అంది. ఏ ఆట అంటే గాలిలో కీబోర్డు కొట్టి చూపించింది.

"పొద్దస్తమానం కంప్యూటర్లో తుపాకులు కాల్చడం. దాన్నీ ఆటేనంటుంది," అంది లియూ ఆంటీ, మాకు వినబడాలనే. ఆ పిల్ల నవ్వి మా సంచులు అందుకుంది. అలవాటైన మాటలా ఉంది.

తిండి దగ్గర ఇబ్బంది పడతానేమోనని షాహిదా అక్క పెట్టెలో సగం అటుకులు, ఊరగాయలు సర్దుకొచ్చింది. షియావ్‌యెన్ మమ్మల్ని నేరుగా ముస్లింల పేటకు తీసుకెళ్ళింది. ఆకుపచ్చ బోర్డులు, తెల్ల టోపీలు, నిప్పుల మీద కాలుతున్న మాంసం, జీలకర్ర ఘాటు. గడ్డం నెరిసిన ఒక పెద్దాయన అక్క స్కార్ఫ్ చూసి సలాం చేశాడు. అక్క బదులు చెప్పి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాసంతీ, హనుమకొండ చౌరస్తాలో దిగినట్లే ఉన్నదే," అంది.

హోటల్లో కూర్చోగానే ఒక ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు పెట్టి వెళ్ళిపోయారు. ఎంతసేపటికీ కూర రాదు. చుట్టూ చూస్తే అందరూ కబుర్లాడుతూ రొట్టె తుంచి గిన్నెలో వేసుకుంటున్నారు. మేమూ తుంచి పంపాం. వంటాయన చూసి గిన్నె వెనక్కి పంపాడు. ముక్కలు పెద్దవట. మళ్ళీ తుంచాం. మళ్ళీ వెనక్కి.

"శనగపప్పంత ఉండాలి," అంది షియావ్‌యెన్.

"పైసలిచ్చి తినుడు మనం, పని గూడ మనమే చెయ్యాల్నా?" అంది అక్క, తుంచుతూనే.

మూడోసారి గిన్నె తిరిగొచ్చేసరికి అందులో వేడి వేడి మటన్ పులుసు, సన్నటి సేమ్యా, పక్కన ఊరబెట్టిన వెల్లుల్లి. అన్ని చిన్న ముక్కలూ పులుసు పీల్చుకుని, గట్టి రొట్టె నోట్లో కరిగిపోయింది. ఆ వంటాయన పంతం ఎందుకో అప్పుడు అర్థమైంది. అక్క అటుకుల పొట్లం తిరుగు విమానం ఎక్కేదాకా విప్పలేదు.

గోడ కింద తెల్లవారుజాము

షియాన్ నడిబొడ్డు చుట్టూ పెద్ద కోటగోడ ఉంది. దాని కిందుగా అగడ్త, ఆ గట్టున పొడుగ్గా పార్కు. మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసుకని వెళ్తే అక్కడ ఊరంతా లేచి ఆడుతోంది. డెబ్భై ఏళ్ళ ముసలాయన కొరడాతో ఛెళ్ళుమనిపిస్తూ ఇంత లావు బొంగరం తిప్పుతున్నాడు. నలుగురు ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి ఈకల బంతిని కింద పడకుండా కాళ్ళతో తంతున్నారు. వరసగా సిమెంటు పింగ్‌పాంగ్ బల్లలు, వాటికి నెట్టు బదులు నిలబెట్టిన ఇటుకలు.

ఆక్లండ్‌లో శనివారం పొద్దున గ్రౌండుకు వెళ్తే పిల్లలు ఆడుతుంటారు, పెద్దవాళ్ళం కాఫీ కప్పులు పట్టుకుని గట్టున నిలబడతాం. ఇక్కడ అంతా తలకిందులు. పెద్దవాళ్ళు ఆడుతుంటే మనవలు పిల్లల బళ్ళల్లో కూర్చుని పాలు తాగుతున్నారు. ఇక మా కాకినాడ సంగతి చెప్పనే అక్కర్లేదు. నలభై దాటిన ఆడది ట్రాక్ ప్యాంటు వేసుకుని రోడ్డెక్కితే వీధి వీధంతా కిటికీల్లో ఉంటుంది.

పూల చొక్కా వేసుకున్న ఒక మామ్మగారు మమ్మల్ని ఆటకు పిలిచి, ఇద్దరినీ ఒక్కతే ఓడించి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చింది. ఇక్కడ చన్నీళ్ళు అడిగితే జాలిగా చూస్తారు.

మిల్లు హాలు

పోటీలు జరిగింది మిల్లు కార్మికుల పాత హాల్లో. ఎత్తయిన కప్పు, ఎర్ర జెండాలు, గోడకు ఒలింపిక్ వలయాలు. ఒకప్పుడు మగ్గాల దగ్గర పనిచేసి రిటైరైనవాళ్ళు వందల మంది బెంచీల మీద కిక్కిరిసి ఉన్నారు. బాగా ఆడమని అరవడానికి వాళ్ళు "జియా యౌ" అంటారు. నూనె పొయ్యమని అర్థమట.

"మంచిగున్నది, మన వంటింటి మాటే," అంది అక్క.

సెమీఫైనల్‌కు ముందు ప్రతి జోడీకీ మూడు ఆటలు, రెండు గెలిస్తే చాలు. మొదటి ఆటలో మా ఎదుట గువో అనే పొడుగాటి ఆవిడ, ఆమె జోడీ ఇంకొక పొట్టావిడ. ఇద్దరికీ అరవై దాటే ఉంటాయి. ఆట మొదలైన కాసేపటికే మాకు దిక్కు తోచలేదు. గువో కొట్టిన బంతి ఒకసారి ఎగిరి ముఖం మీదికొస్తుంది. ఇంకోసారి అచ్చం అలాగే వచ్చి, తీరా కొట్టేసరికి చచ్చినట్టు నెట్లో పడుతుంది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. మూడు గేములూ వరసగా పోయాయి. ఒక గేములో మాకు మూడంటే మూడే పాయింట్లు.

గ్రేమ్ మంచివాడు. కివీలు, అంటే న్యూజిలాండ్ వాళ్ళు, ఎవరినీ నొప్పించరు, వద్దు అని కూడా ముద్దుగానే చెబుతారు. "బాగా ప్రయత్నించారు. రేపటి ఆటలకు వేరే జోడీని దింపుదామా? మీరు హాయిగా ఊరు చూడండి, షాపింగ్ చేసుకోండి," అన్నాడు.

నేను తల ఊపబోయాను. అక్క నా మోచెయ్యి నొక్కింది. "వాసంతీ, నువ్వాగు. నేను జెప్త." అతని వైపు తిరిగి ఇంగ్లిష్‌లో చాలా మర్యాదగా, షాపింగ్ శాండ్రింగ్‌హామ్‌లో రోజూ చేస్తున్నానని, ఇక్కడికి ఆడటానికి వచ్చానని చెప్పింది. గ్రేమ్ చెవులు ఎర్రబడ్డాయి. "సరే, రేపు ఒక్క ఆట ఓడినా మీరు ఇంటికే," అన్నాడు.

హాలు బయటికి వచ్చాక అక్క మెట్ల మీద కూలబడింది. "ఇన్నేండ్ల తర్వాత బ్యాటు పట్టింది గిట్ల ఓడనీకేనా?" అంది. ఆమె గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి.

నెట్ సెంటర్

షియావ్‌యెన్ మా ఆటను సరదాకి తన చిన్న కెమెరాలో తీసింది. "ఓడిన ఆటను రెండోసారి చూడరా మీరు? మేం గెలిచినవి చూడం, ఓడినవే చూస్తాం," అని తను ఆడే ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళింది.

సెంటర్ అంటే మన ఊళ్ళో నాలుగు కంప్యూటర్ల గది అనుకున్నాను. అది రెండంతస్తుల సముద్రం. వందలకొద్దీ తెరలు, మెత్తటి కుర్చీలు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంగిన తలలు, సిగరెట్ పొగ, కప్పు నూడుల్స్ వాసన. గంటకు రెండు యువాన్లు. ఆక్లండ్‌లో ఒక కాఫీ తాగే డబ్బుతో ఇక్కడ పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఆడుకోవచ్చు. వచ్చినవాళ్ళంతా కుర్రకారే. ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు లోపలికి రాగానే కొందరు గబగబా సిగరెట్లు దాచేశారు. ఎవరి అమ్మో వెతుక్కుంటూ వచ్చిందనుకున్నట్టున్నారు.

షియావ్‌యెన్ మా ఆటను తెర మీద పెట్టి, బొమ్మ బొమ్మగా ఆపుతూ చూపించింది.

"గువో గారి బ్యాటు చూడండి. ఇప్పుడు ఎరుపు. ఇప్పుడు నలుపు."

బల్ల కింద చెయ్యి ఉండగా గువో బ్యాటును వేళ్ళతో గిర్రున తిప్పేస్తోంది. ఎర్రవైపు నున్నటి రబ్బరు, దాని మీంచి వచ్చే బంతి తిరుగుతూ ఎగురుతుంది. నల్లవైపు గింజలున్న రబ్బరు, అది బంతి ఊపిరి తీసేస్తుంది. అలాంటి బ్యాట్లు ఉంటాయని నాకు తెలుసు. మా క్లబ్బులో ఎవరూ వాడరు, పైగా ఆడేటప్పుడు మన కళ్ళు బంతి మీదే ఉంటాయి.

"రంగు చూసి కొట్టాలన్న మాట," అన్నాను.

"బంతి చూడాల్నా, బ్యాటు చూడాల్నా? నాకున్నయి రెండే కండ్లు," అంది అక్క.

ఆ చిక్కుతోనే గదికి వెళ్ళి పడుకున్నాం.

షియావ్‌యెన్ ఆట

మర్నాడు పొద్దున మిగతా రెండు ఆటలూ గెలిచాం. ఎదుటివాళ్ళు మామూలు బ్యాట్లతో ఆడేవాళ్ళు. అక్క ఫోర్‌హ్యాండ్ కసిగా మోగింది. గ్రేమ్ రెండు అరటిపళ్ళు తెచ్చి ఇచ్చాడు. సెమీఫైనల్‌కు చేరాం.

మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో షియావ్‌యెన్ జట్టుకు నగరంలోని ఇంకొక అమ్మాయిల జట్టుతో ఆట. లియూ ఆంటీని కూడా బలవంతాన లాక్కెళ్ళాం. జట్టుకు అయిదుగురు. కంప్యూటర్లో ఒక పాడుబడ్డ కోట, కొందరు దాన్ని కాపాడాలి, కొందరు దూరాలి. కుర్చీల వెనక జనం మూడు వరసల్లో నిలబడ్డారు. మేజిక్ చూసినట్టు ఎవరూ ఊపిరి తీయడం లేదు.

ఆట నాకు సగమే అర్థమైంది కానీ చెవులకు ఒకటి తెలిసింది. ఆ పిల్లలు ఆగకుండా మాట్లాడుకుంటున్నారు. చిన్న చిన్న మాటలు, టపటపమని. చివరి రౌండులో షియావ్‌యెన్ ఒక్కతే మిగిలింది, అవతల ఇద్దరు. ఆట నుంచి పడిపోయిన తన జట్టువాళ్ళు నలుగురూ మాత్రం ఆమెకు పొట్టి పొట్టి కేకలు వేస్తూనే ఉన్నారు. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా మొదటి అమ్మాయిని కొట్టింది. గిరుక్కున తిరిగి రెండో అమ్మాయినీ కొట్టింది. సెంటర్ మొత్తం లేచి గోల చేసింది. ఆ గోలలో అందరికంటే గట్టిగా "జియా యౌ!" అని అరుస్తున్నది ఎవరా అని చూస్తే, లియూ ఆంటీ. కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. నర్సుగా పనిచేసిన మనిషి, కుర్చీ ఎక్కి.

తర్వాత షియావ్‌యెన్‌ని అడిగాను, వెనక నుంచి వాళ్ళేం చెబుతున్నారని.

"అవతలి మనిషి ఎక్కడుందో చెబుతున్నారు. చేతిలో పని లేనివాళ్ళే కళ్ళుగా ఉండాలి. అదే మా మొదటి నియమం."

అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. డబుల్స్‌లో ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి. ఒకసారి కొట్టి పక్కకు తప్పుకున్న మనిషికి మరుక్షణం ఏ పనీ లేదు.

"నేను కొట్టి జరుగుత. నువ్వు బంతిని చూస్తవు. నేను గామె బ్యాటు చూసి రంగు జెప్త," అంది అక్క.

"ఏ భాషలో?"

"తెలుగుల. ఈ ఊర్ల మనిద్దరికి దప్ప ఎవరికొస్తది?"

ఆ సాయంత్రం గోడ కింద సిమెంటు బల్ల దగ్గర, షియావ్‌యెన్ ఒక అట్టకు ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు పూసి తిప్పుతుంటే, చీకటి పడేదాకా అరుచుకుంటూ ఆడాం.

ఫైనల్

సెమీఫైనల్ తేలిగ్గానే దాటాం. ఫైనల్లో ఎదురుగా మళ్ళీ గువో. మమ్మల్ని చూసి ఆప్యాయంగా తల పంకించింది. మొన్న పిల్లల్ని ఓడించిన పెద్దావిడ చూసినట్టు.

మొదటి బంతులకే అక్క గొంతెత్తింది. "నలుపు!" నేను తొందరపడకుండా ఆగి, కింది నుంచి బంతిని లేపాను. "ఎరుపు!" బ్యాటు ముందుకు వాల్చి నొక్కాను. "నలుపు! నలుపు! ఎరుపు!" గేము మాది. గువో తన బ్యాటును అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అందులో ఏమైనా పాడైందేమోనని.

అంపైరు మా అరుపులేమిటని లియూ ఆంటీని అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, రంగుల పేర్లని. ఆయన పెద్దగా నవ్వి, ఆడుకోండని చెయ్యి ఊపాడు. ఆ జవాబు గువో చెవిన కూడా పడింది.

రెండో గేము నుంచి ఆవిడ బ్యాటును ఆఖరి క్షణం దాకా తిప్పడం లేదు. మేం నోరు తెరిచి మాట పూర్తి చేసేలోపు బంతి వచ్చి పడుతోంది. రెండో గేము పోయింది. మూడోదీ పోయింది. ఇంకొక్కటి పోతే అంతే. బెంచీ మీద కూర్చుని మొహాలు తుడుచుకున్నాం. షియావ్‌యెన్ వెనక నుంచి వంగింది.

"మీ మాటలు చాలా పొడుగు. మావన్నీ ఒక్క అక్షరమే."

"నల్ అని, లాల్ అని అందాం," అంది అక్క. లాల్ అంటే ఉర్దూలో ఎరుపు, ఆమె బుర్ర అటే పోతుంది. నాలుగో గేము మొదట్లో ఆ రెండూ నాకు ఒకేలా వినబడి రెండు పాయింట్లు పోయాయి.

"అక్కా, 'న', 'ఎ'. అంతే!"

"న!" బంతి చచ్చి వచ్చింది, లేపాను. "ఎ!" నొక్కాను. "ఎ! న! ఎ!" అక్క గొంతు హాలు కప్పుకు తగులుతోంది. ఆఖరి క్షణంలో బ్యాటు తిప్పబోయి గువో తనే రెండుసార్లు తడబడింది. గేములు సమానమయ్యాయి.

అయిదో గేములో సగం దాటాక ఎవరి బంతి ఎవరు కొట్టాలనే వంతులు మారతాయి. ఇప్పుడు గువో బంతి అక్కకు వస్తుంది, కళ్ళు నావి. తొమ్మిదీ తొమ్మిది. బెంచీల మీద జనం లేచి నిలబడ్డారు. సగం మంది వాళ్ళకు నూనె పోస్తున్నారు, సగం మంది మాకు. "ఎ!" అన్నాను. అక్క కొట్టిన దెబ్బకు పొట్టావిడ బ్యాటు గాలిని కొట్టింది. పది. గెలవడానికి ఇంకొక్కటి. తర్వాతి బంతి పొడుగ్గా సాగింది. గువో చెయ్యి పైకి లేచింది, వేళ్ళు కదిలాయి, రంగు మారింది.

"న!"

అక్క ఆగింది. ఆ ఆగడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. చచ్చి పడబోతున్న బంతి కోసం మోకాళ్ళు వంచి, ఓపిగ్గా కిందికంటా వెళ్ళి, ఒళ్ళంతా తిప్పి కొట్టింది. బల్ల మూలన తగిలి బంతి గోడ దాకా దొర్లిపోయింది.

నేను ఏం అరిచానో తెలియదు. అక్క బ్యాటు బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుని, వేళ్ళ సందుల్లోంచి నవ్వింది. గ్రేమ్ బల్లలకు అడ్డంగా దూకుతూ వచ్చి మా ఇద్దరినీ ఒకేసారి కావలించుకున్నాడు. కివీ మగవాడు అంత గట్టిగా ఎవరినీ కావలించుకోవడం నేను చూడలేదు.

బల్ల చుట్టూ

బహుమతిగా ఇద్దరికీ రెండు ఎర్ర ఫ్లాస్కులు, ఎండు ఖర్జూరాల సంచి ఇచ్చారు. ఖర్జూరాలు న్యూజిలాండ్ ఎయిర్‌పోర్టులో ఏం గొడవ తెస్తాయోనని అక్కడికక్కడే పంచేశాం.

అందరూ నములుతుండగా గువో మా దగ్గరికి వచ్చింది. పక్కన షియావ్‌యెన్ ఉంది మాట చెప్పడానికి. ఆవిడ నా చేతికి తన బ్యాటు ఇచ్చి, ఒకవైపు చూపించి, "న?" అంది. అవునన్నాను. తిప్పి, "ఎ?" అంది. ఆ తర్వాత ఆగలేదు. తన జుట్టు చూపించి "న!" అంది. జెండా చూపించి "ఎ!" అంది. పొట్టావిడ బూట్లు చూపించి "న!" బెంచీల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగొచ్చి చుట్టూ చేరారు. తప్పు చెప్పినవాళ్ళను మిగతావాళ్ళు సరిదిద్దుతున్నారు.

గువో వేలు షాహిదా అక్క స్కార్ఫ్ దగ్గర ఆగింది. ఇదేమిటన్నట్టు కళ్ళెగరేసింది.

"ఆకుపచ్చ," అంది అక్క.

ఆవిడ నోరు తిప్పి చూసింది. "ఆ... కూ... పా... చా."

"ఊహూఁ. పచ్చ. చ్చ. గట్టిగ ఒత్తాలె."

గువో వెనక్కి తిరిగి మిల్లువాళ్ళందరికీ చెయ్యి ఊపింది, పాట ఎత్తుకునేముందు ఊపినట్టు. బట్టల మిల్లు హాల్లో ముప్ఫై మంది ఆడవాళ్ళు ఒక్క గొంతుతో అరిచారు.

"ఆకుపచ్చ!"

"శభాష్," అంది షాహిదా అక్క. "ఇంకొకసారి!"